మాప్పిళ్ళె ముందు నడిచిన కొండ

మా అళగిరి బావ చనిపోయిన నెలకు ఆయన మనవళ్ళు నన్ను అయ్యనార్ కోవెల దాకా కార్లో తీసుకుపోయారు. ముసలివాణ్ణి నేను ఒక్కణ్ణే కూర్చుని ఏం ఆలోచిస్తుంటానో అని వాళ్ళ భయం. కొండ కింద ఇప్పుడు అటవీ శాఖ వాళ్ళ గేటు ఉంది. గేటు దగ్గర టిక్కెట్టు ఉంది. ఏట్లో ఎక్కడ స్నానం చేయవచ్చో, ఎక్కడ చేయకూడదో, చేస్తే ఏమవుతుందో చెప్పే బోర్డు ఉంది. మనిషి పక్కకు అడుగు వేయకుండా అక్కడక్కడ ఇనుప కడ్డీలు కూడా పాతారు. నేను బోర్డు మొదటి నుంచి చివరి దాకా చదివి, నీళ్ళు చూసి, మళ్ళీ కారెక్కాను. "ఏం తాతా, మీ కాలంలో ఎట్ల ఉండె ఇది?" అని పెద్ద మనవడు అడిగాడు. మా కాలంలో ఇక్కడ దారి తప్పడానికి కావలసినంత చోటు ఉండేదని చెప్పాను. వాడు నవ్వాడు. నేను ఉన్న మాటే చెప్పాను.

మా రాజపాళయంలో పడమటికి పోయే ప్రతి వీధి చివరా కొండ కనిపిస్తుంది. పొద్దున మిద్దె మీద నిలబడి వేపపుల్లతో పళ్ళు తోముకునేటప్పుడు కొండ, సాయంత్రం మిద్దె మీద ఆరబెట్టిన వడియాలు ఎత్తేటప్పుడు కొండ. దాని మీద మబ్బు కూర్చుంటే అమ్మ కట్టెలు లోపల పెట్టించేది. మబ్బు లేకపోయినా అవ్వ మోకాళ్ళు నొస్తున్నాయని కొండనే తిట్టేది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి కొండ మాకు తెలుసునని మేమందరం నమ్మాం. ఏడాదికొకసారి బళ్ళు కట్టుకుని కోవెలకు పోయి, ఏట్లో మునిగి, పొంగలి వండుకు తిని, చీకటి పడకముందే తిరిగి వచ్చేవాళ్ళం. కోవెల దాటి పైకి పోయిన మనిషి మా ఇంట్లో ఎవరూ లేరు. పోవలసిన పని ఎవరికీ పడలేదు.

నాయనది పత్తి వ్యాపారం. ముందు సావిట్లో ఎప్పుడూ పత్తి మూటలు ఉండేవి. సాంబారులో పత్తి, దేవుడి పటం మీద పత్తి, అవ్వ తలలో ఉన్నది నెరిసిన వెంట్రుకో పత్తో తెలిసేది కాదు. తెల్లవారుతూనే అమ్మ నానిన పత్తి గింజలు రుబ్బే చప్పుడు వినిపించేది. ఆ పచ్చి వాసన పెరడంతా పరుచుకునేది. రుబ్బిందాంట్లో కొంత గేదెలకు పోయేది. కొంత పాలు పిండి, బెల్లమూ శొంఠీ వేసి కాచి, మాకు లోటాల్లో పోసేవారు. గేదెలూ మేమూ ఒకటే తాగి బలిశామని అక్క అనేది. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు, లెక్కలు రాసేది తమిళం. తిట్టుకోవలసి వస్తే రెండూ వాడేవాళ్ళం. అయితే మా ఇంట్లో తిట్లు తక్కువ. నాయన ఒక్కనాడు కూడా ఎవరి మీదా చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. ఆయనకు కోపం వస్తే కంచం తోసేవాడు.

అంతే చేసేవాడు. ఉప్పు ఎక్కువైనా కంచమే, పత్తి ధర పడిపోయినా కంచమే. కళాయి వేసిన ఇత్తడి కంచం నాపరాళ్ళ మీద జారుకుంటూ పోయి, స్తంభానికి తగిలి, కాసేపు గిరగిరా తిరిగి ఆగేది. నాయన చెయ్యి కడుక్కుని, తువాలు భుజాన వేసుకుని కొట్టుకు పోయేవాడు. అమ్మ వచ్చి మెతుకులు ఎత్తేది. ఆ పూట అమ్మ తినేది కాదు. అమ్మ తినదు కాబట్టి అక్క తినేది కాదు. నేను మగపిల్లవాణ్ణి కాబట్టి నాకు పెట్టేవారు. నేను ఒక్కణ్ణే కూర్చుని తినేవాణ్ణి. ఎందుకు తోశావని నాయనను ఎవరూ అడగలేదు. ఆ రోజంతా ఇంట్లో చేతి సైగలతోనే పని జరిగిపోయేది. మర్నాడు పొద్దున నాయన కాఫీ చేతికి తీసుకుని "చక్కెర సరిపోయింది" అన్నాడంటే కోపం తీరిందని అర్థం.

అక్క పేరు ఆండాళు. ఎనిమిదో క్లాసు అయ్యాక ఆమెను బడి మాన్పించారు. అప్పటి నుంచి వడ్ల గాదె వెనక కూర్చుని తమిళ వారపత్రికలు చదివేది. ఆమెకు చోళపురం సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు అళగిరి, వరసకు మాకు బావే. తండ్రి లేడు, తల్లి ఉంది, సేద్యం ఉంది, జాతకాలు కలిశాయి. మగవాళ్ళు కూర్చుని తాంబూలం మార్చుకునే శుక్రవారం కూడా నిర్ణయించారు. అక్కను ఎవరూ అడగలేదు. అడగకూడదని కాదు, అడగాలని ఎవరికీ తోచలేదు. అవ్వ ఒక్కతే, ఇనుప రోట్లో తమలపాకు దంచుకుంటూ, అక్కను దగ్గరికి పిలిచి చెప్పింది. "ఇదో చూడు. తాంబూలం మార్చేదాకా నీ నోటికి ఒక విలువ ఉండాది. వద్దనుకుంటే నాతో చెప్పు, మీ నాయనను నేను చూసుకుంటాను. మార్చినాక నేను గూడా ఏమీ చెయ్యలేను." అక్క తలూపింది. అయితే వద్దనడానికైనా సరేననడానికైనా ఆమెకు ఆధారం ఏమీ లేదు. పెళ్ళిచూపుల నాడు ఆమె చూసింది ఆయన పాదాలను మాత్రమే. పాదాలు బాగానే ఉన్నాయని నాతో చెప్పింది.

ఆ వారంలోనే బావ పత్తి బండ్లతో ఊళ్ళోకి వచ్చాడు. గింజ తీసే మిల్లులో తన వంతు రావడానికి రెండు రోజులు పడుతుందని, ఎదుటి వీధిలో తన చిన్నమ్మ ఇంట్లో దిగాడు. పెద్దమనిషి మర్యాదగా నాయనను చూడటానికి వచ్చి, మాటల్లో మాటగా, ఏరు ఎక్కడ పుడుతుందో చూడాలని ఉందన్నాడు. చోళపురం పొలాల దాకా ఆ నీళ్ళు ఏనాడూ రాలేదు. రాని నీళ్ళు ఎక్కడి నుంచి బయలుదేరతాయో చూద్దామని ఆయన కోరిక. కాబోయే అల్లుడు నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దానికేమి మాప్పిళ్ళె, మావాడు తీసుకొని పోతాడు. ఆ కొండ వానికి కొట్టిన పిండి" అన్నాడు. నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. అప్పటికి నేను స్కూలు ఫైనలు రాసి ఖాళీగా ఉన్నవాణ్ణి. కొండ ఎక్కిన అనుభవం అంటే మా ఊరి నడుమ ఉన్న సంజీవి కొండ ఎక్కి గాలిపటం ఎగరేయడమే.

మా ఇంటికి కట్టెలు తోలే మనిషిని అడిగితే ఒక ముక్క చెప్పాడు. కోవెల దాటినాక దారి రెండుగా చీలుతుంది, ఎడమ దారి పట్టుకుని ఏటి చప్పుడు చెవిన పడుతుండగా పోతే చాలు అని. నా కొండ చదువు అంతటితో పూర్తయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక అమ్మ నన్ను కూర్చోబెట్టి నీతులు చెప్పింది. "మాప్పిళ్ళెకు ముందర నువ్వు నడవవద్దు. ఆయన ఏమి చెప్పినా సరి అను, ఎదురు చెప్పవద్దు. ఆయన తిన్నాకనే నువ్వు తినాల. ఆయన మొహం చిన్నదయిందంటే నీ అక్క బతుకు పాయె, జ్ఞాపకం పెట్టుకో." నేను సరి అన్నాను. పొద్దున్నే బావి గట్టు దగ్గర చెంబు తోముతూ అక్క పిలిచింది.

"తంబి, ఆయనకు కోపం తెప్పించు."

"అమ్మ తెప్పించవద్దని చెప్పింది."

"అమ్మకు ఆయన మొహం చిన్నది కాకుండా ఉండాల. నాకు అది చిన్నదయితే ఎట్ల ఉంటాదో తెలియాల. కోపం రాని మొగాడు ఎక్కడ ఉండాడు? వచ్చినప్పుడు ఏమి చేస్తాడు? కంచం తోస్తాడా? అంతే నాకు కావలసింది. చూసి వచ్చి చెప్పు. అప్పురం, నువ్వు చెప్పినాక, అవ్వతో నేను మాట్లాడుకుంటాను." అక్క చెంబు తోమడం ఆపలేదు. తోమిన చెంబునే మళ్ళీ మళ్ళీ తోముతోంది. నాకు నవ్వు వచ్చి ఉండేది కానీ ఆ చేతులు చూశాక రాలేదు.

అలా నేను రెండు ఆజ్ఞలతో, ఇడ్లీలకు నూనె కారం పట్టించి అరటాకులో కట్టిన మూటతో, బడి డ్రిల్లు కోసం కొన్న కాన్వాసు బూట్లతో బయలుదేరాను. బూట్లు కొన్న తర్వాత నా కాళ్ళు పెరిగాయి. బావ తెల్లటి పంచె, జుబ్బా, పెళ్ళి కోసం కొన్న కొత్త తోలు చెప్పులు వేసుకున్నాడు. అవి అడుగడుగునా కిర్రుమనేవి. మామిడి తోపుల గుండా బండిలో కోవెల దాకా పోయాం. సాయంత్రం రమ్మని బండివాణ్ణి పంపేశాం. దండం పెట్టుకుని ఏటి వెంట పైకి నడవడం మొదలుపెట్టాం. మర్యాద ప్రకారం బావ ముందు, నేను వెనక. దారి తెలియని మనిషి ముందు నడుస్తున్నాడు, సగం తెలిసినవాడు ఆయన మడమలు చూస్తూ పోతున్నాడు.

నేను నా పని మొదలుపెట్టాను. మెల్లగా నడిచాను. ఆయన ఆగి నిలబడ్డాడు. ఆయన తువాలు పట్టుకుంటానని తీసుకుని ఏట్లో జారవిడిచాను. ఆయన దాన్ని పిండి నెత్తిన వేసుకుని "సల్లగా ఉండాది, మంచిదే చేసినావు" అన్నాడు. చోళపురం పత్తి మా నాయన కంటికి ఆనదని చెప్పాను. "ఆమా తంబి, ఈ ఏడు పురుగు పట్టింది" అని ఒప్పుకున్నాడు. ఒక జలగ ఆయన చీలమండ మీద కూర్చుని నిమ్మళంగా తాగుతోంది. మాప్పిళ్ళె కాలికి జలగ పట్టిందని చెప్పడం ఎదురు చెప్పడం కిందికి వస్తుందా రాదా అని నేను చాలా దూరం ఆలోచించాను. ఇంతలో అది తాగి తనే రాలిపోయింది.

దారి చీలిన చోటు వచ్చింది. కట్టెల మనిషి చెప్పినట్టే ఉంది. ఎడమ పక్క ఏటి చప్పుడు, రాళ్ళు, ముళ్ళు. కుడి పక్క దారి వెడల్పుగా, నీడగా, మనుషులు నడిచినట్టుగా ఉంది. తర్వాత తెలిసింది, నడిచింది మనుషులు కాదని. బావ అక్కడ ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను ఒక్క మాట అడిగితే అయిపోయేది. ఆయన అడగలేదు. ఆయన తల్లి కూడా ఆయనకు నీతులు చెప్పి పంపిందని నాకేం తెలుసు? అత్తగారింటి వాళ్ళను ప్రశ్న అడగవద్దు, అడిగితే నీకు తెలియదని తెలిసిపోతుంది. తినమంటే మూడోసారి అడిగినాకనే సరి అను. ఇవీ ఆమె చెప్పినవి. "ఇట్ల పోదామా" అని అడిగినట్టు కాకుండా, చెప్పినట్టుగా అని, బావ కుడి దారి పట్టాడు. నేను "సరి బావ" అన్నాను.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఏటి చప్పుడు ఎప్పుడో వెనకబడి పోయింది. ఒక బండ మీద కూర్చున్నాం. నేను మూట విప్పి ఇడ్లీలు ఆయన ముందు పెట్టి "తినండి బావ" అన్నాను. "వద్దు తంబి, ఆకలి లేదు" అన్నాడు. ఆయన చెప్పినదానికి ఎదురు చెప్పకూడదు. మూట మళ్ళీ కట్టేశాను. ఆయన తినకుండా నేను తినకూడదు. నువ్వుల నూనె వాసన అరటాకులోంచి వస్తూనే ఉంది. ఆయన నా చేతుల్లో ముడి పడుతున్న మూటను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆకలి లేని మనిషి చూపు కాదది. అయినా లేచి, ఇద్దరం ఇడ్లీలు మోసుకుంటూ, కడుపులు కాలుతుండగా ముందుకు నడిచాం. ఇలాంటి ప్రయాణం ప్రపంచంలో ఇంకెవరైనా చేశారో లేదో నాకు తెలియదు. మా వాళ్ళు మాత్రం తప్పకుండా చేస్తారు.

ఇంకాస్త పోయాక దారి మీద ఏనుగు లద్దె కనిపించింది. దాని మీద ఇంకా ఆవిరి లేస్తోంది. బావ దాన్ని చూశాడు, నేనూ చూశాను. ఎవరమూ దాని గురించి మాట్లాడలేదు. చుట్టూ రెల్లు మనిషెత్తున ఉంది. ఒక కొమ్మ ఎక్కడో విరిగింది. నాకు ఆ నిమిషంలో నిజంగా ప్రాణభయం వేసింది. అమ్మ మీద బెంగ వేసింది, అక్క మీద కోపం వచ్చింది, ఆ మడమలు ఎక్కడికి పోతే అక్కడికి పోవడం తప్ప ఏమీ చేయలేని నా మీద జాలి కలిగింది. అప్పుడే దూరాన మా ఊరి మిల్లు సైరను, మేము సంగు అనేది, మోగింది. మధ్యాహ్నం షిఫ్టు మారే సంగు. అది మా వీపు వెనక నుంచి రావాలి. కుడిచేతి వైపు నుంచి వచ్చింది.

బావ ఆగాడు. మొదటిసారి పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"తంబి, ఇది దారేనా?"

"కాదు బావ."

"ఎప్పటినుంచి కాదు?"

"ఆ రెండు దార్లు చీలిన చోటి నుంచి."

"నీకు అప్పుడే తెలుసునా?"

"తెలుసును."

బావ మొహం చిన్నది కాలేదు. ఎర్రబడింది, చాలా పెద్దదయింది. చెప్పులు రెండూ విడిచి ఒకదాని తర్వాత ఒకటి రెల్లులోకి విసిరాడు. విసిరి, కొండ మారుమోగేటట్టు అరిచాడు. ఏనుగు సంగతి కూడా మర్చిపోయి అరిచాడు. "తెలిసే ఊరక వచ్చినావా? నోట్లో ఏమి పెట్టుకొన్నావు? నేను పోయి లోయలో పడితే గూడా సరి బావ అంటావా? ఏమి మనుషులు మీరు!" నేను గట్టిగా ఏడుస్తూ, ఎదురు చెప్పకూడదని అమ్మ చెప్పిందన్నాను. అక్క పెట్టిన పని సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన రెల్లులోకి పోయి చెప్పులు వెతుక్కుని వచ్చాడు. ఒకటే దొరికింది. దాన్ని పక్కన పెట్టి, బండ మీద కూలబడి, "ఆ మూట ఇట్ల తీ. ఆకలితో ప్రాణం పోతా ఉండాది. ఇంకో రెండుసార్లు అడిగేదానికి నీకేమి నొప్పి?" అన్నాడు.

మూట తనే విప్పాడు. ఇడ్లీలు రెండు భాగాలు చేసి, పెద్ద భాగం నా ముందుకు తోశాడు. కోపం ఇంకా తగ్గలేదు. నోటి నిండా ఇడ్లీ పెట్టుకుని, నమిలి మింగి, మళ్ళీ తిట్టాడు. నీళ్ళు తాగి ఇంకో విడత తిట్టాడు. నేను తింటూ, ఏడుస్తూ, ఆయన కోపాన్ని జాగ్రత్తగా చూశాను. చూడమన్న పని అదే కదా. మనిషి కోపంగా ఉండి అన్నం తినగలడని, ఎదుటివాణ్ణి తిననివ్వగలడని నేను అంతకు ముందు ఎరుగను.

తిన్నాక ఆయన గొంతు తగ్గింది. "మీ అక్క గూడా ఇట్లనేనా తంబి? తెలిసినా చెప్పదా?" అని అడిగాడు. ఆ అడగడంలో భయం ఉంది. వాళ్ళ నాయన బావి తవ్వించిన కథ అప్పుడు చెప్పాడు. ఆ చోట కింద బండ ఉందని వాళ్ళమ్మకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఆ పొలంలో మేకలు కాసిన మనిషి ఆమె. మొగుడికి ఎదురు చెప్పకూడదని ఊరుకున్నది. ఆయన ఏళ్ళ తరబడి తవ్వించాడు. ఎద్దులు పోయాయి, చెరకు పొలం పోయింది. చివరికి బండ తగిలి మొత్తం ఆగిపోయిన నాడు ఆమె "నాకు అప్పుడే తెలుసును" అన్నది. ఆ తర్వాత బతికినంత కాలం ఆయన ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. "మా అమ్మ ఓర్పును ఊరంతా మెచ్చుకొనినారు. బావిలో నీళ్ళు మాత్రం రాలేదు. నాకు అట్లాంటి ఓర్పు ఇంట్లో వద్దు తంబి. ఏమీ చెప్పకుండా సుమ్మా ఉండే మనిషిని చూస్తే నాకు భయం." నేను మా అక్క సుమ్మా ఉండే మనిషి కాదని చెప్పాలనుకున్నాను. కానీ మా ఇంట్లో ఆమె నాయన ముందు మాట్లాడగా నేను వినలేదు. అందుకని తెలియదన్నాను. మర్యాదకూ అక్క పెట్టిన పనికీ సంబంధం లేకుండా ఆ రోజు నేను ఆయనతో చెప్పిన మాట అదొక్కటే.

అక్కడి నుంచి నన్ను ముందు నడవమన్నాడు. తప్పయితే తిడతాననీ, తనది తప్పయితే నన్ను తిట్టమనీ చెప్పాడు. సంగు వినిపించిన వైపుకు, పల్లానికి, ఒక ఎండిన వాగు పట్టుకుని దిగాం. ఒక కాలికి చెప్పుతో కొంత దూరం నడిచి, అదీ పారేసి, బావ వట్టి కాళ్ళతో దిగాడు. పొద్దు వాలే వేళకు ఒక చెరుకు తోటలోంచి బయటపడ్డాం. ఇది ఏ ఊరని అడిగితే మంసాపురం అన్నారు. కొండ ఒక చోట ఎక్కి ఇంకో ఊళ్ళో దిగామన్నమాట. ఆ ఊరివాళ్ళు మమ్మల్ని ఎగాదిగా చూసి, మేము ఎవరింటి వాళ్ళమో కనుక్కుని, ఇటు వైపు వచ్చే బండి ఎక్కించారు.

రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేరాం. మా కోసం కోవెలకు పోయిన బండి ఖాళీగా తిరిగి వచ్చినప్పటి నుంచి వీధి వీధంతా మా అరుగు మీదే ఉంది. నాయన మనిషిని పంపి అడవి అంచున కేకలు వేయించాడు. అమ్మ నన్ను తడిమి, బావ కాళ్ళ పుండ్లు చూసి, వేన్నీళ్ళకు పరుగెత్తింది. నేను కాళ్ళు కడుక్కోవడానికి బావి దగ్గరకు పోయేసరికి అక్క అక్కడ నిలబడి ఉంది. ఎలా ఉన్నావని అడగలేదు.

"వచ్చిందా?"

"వచ్చింది. కొండంతా అదిరేటట్టు అరిచినాడు."

"అప్పురం?"

"ఇడ్లీ తిన్నాడు. పెద్ద భాగం నాకు పెట్టినాడు. తింటా గూడా తిట్టినాడు."

అక్క నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. ఎందుకు కోపం వచ్చిందని అడిగింది. నాకు దారి తెలిసినా చెప్పలేదని, అందుకని చెప్పాను. ఆమె లోపలికి పోయింది.

సావిట్లో నాయనకూ బావకూ కంచాలు పెట్టారు. అమ్మ వడ్డిస్తోంది. అవ్వ స్తంభానికి ఆనుకుని ఆకు దంచుతోంది. ఏమి జరిగింది మాప్పిళ్ళె అని నాయన అడిగాడు. మామూలు అల్లుడైతే దారి తప్పినాము అని ఊరుకునేవాడు. బావ అన్నం కలుపుతూ, "దారి తప్పినాము మామా. మీవానికి దారి తెలుసును, చెప్పలేదు. మీరు చెప్పవద్దని నేర్పించినారంట. అడుగుతానని తప్పుగా అనుకోవద్దు, మీ ఇంట్లో ఎవురికీ నోరు లేదా?" అన్నాడు.

రోలు చప్పుడు ఆగిపోయింది. అమ్మ చేతిలో గరిటె గాలిలో నిలిచింది. మా ఇంట్లో మా కంచాల ముందు కూర్చుని అలాంటి మాట అన్న మనిషి అంతకు ముందు లేడు. నాయన మొహం నాకు తెలిసిన రంగుకు మారింది. ఆయన చెయ్యి కంచం అంచు మీదికి వచ్చింది. ఆ కంచం కదిలితే శుక్రవారం లేదు, చోళపురం లేదు. మాట అన్నది అల్లుడు, దాన్ని విననట్టు దాటేయగలవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అందరమూ నాయన వేళ్ళనే చూస్తున్నాం. అప్పుడు వంటింటి తలుపు వెనక నుంచి, పెళ్ళికొడుకు ముందు కనిపించకూడని, వినిపించకూడని అక్క గొంతు, స్పష్టంగా, కొంచెం కూడా వణక్కుండా వినిపించింది.

"ఉండాది."

నాయన తలుపు వైపు చూశాడు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. కూతురు తన కాబోయే మొగుడికి జవాబు చెప్పింది, జవాబు తనకు కాదు. అవ్వ పొడి దగ్గు దగ్గి, బావ వైపు తిరిగి, "విన్నావు గదా నాయనా, ఉండాదంట" అన్నది. బావ తలుపు వైపు చూడలేదు, అంత మర్యాద ఆయనకు ఉంది. అన్నంలోకి చూస్తూ నవ్వాడు. నవ్వి, "అత్తా, ఇంకొంచెం చారు పొయ్యండి" అన్నాడు. మా ఇంట్లో అల్లుడు నోరు తెరిచి తనకు తానే వడ్డించమనడం అదే మొదలు. నాయన చెయ్యి కంచం అంచు మీద కాసేపు ఉండి, చివరికి అన్నంలోకి పోయింది. శుక్రవారం తాంబూలం మార్చుకున్నారు.

వాళ్ళ కాపురం గురించి చోళపురంలో ఎవరిని అడిగినా చెబుతారు, పొద్దున్నే కాఫీతో పాటు మొదలయ్యేదని. పత్తి వేయాలా మొక్కజొన్న వేయాలా, పిల్లకు ఏ పేరు పెట్టాలి, చారులో ఇంగువ ముందు వేయాలా తర్వాతా, దేనికైనా ఇద్దరికీ రెండు మాటలు ఉండేవి. బావి తవ్వేటప్పుడు వారం రోజులు పోట్లాడుకున్నారు. చివరికి అక్క చూపించిన చోట తవ్వారు. నీళ్ళు పడ్డాయి. బావ చెప్పిన చోట కూడా నీళ్ళు ఉండేవని తర్వాత పక్కవాడు తవ్వితే తెలిసింది. దాని మీద ఇంకో పదేళ్ళు పోట్లాడుకున్నారు. బావ గొంతు చివరిదాకా పెద్దదే. ఆయన అరిచిన ప్రతిసారీ ఆ ఇంట్లో అందరూ తింటూనే ఉండేవారు. కొత్తగా వచ్చిన కోడళ్ళు మాత్రం మొదటి నెలలో బెదిరి ఏడ్చేవారు.

కోవెల నుంచి తిరిగి వస్తూ మనవళ్ళు నన్ను చోళపురంలో దింపారు. అక్క వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. కొడుకు వచ్చి, వెనక దొడ్డి గోడ తీసేద్దామని అనుకుంటున్నాం అన్నాడు. వద్దు అన్నది. సరే అమ్మా అని వెళ్ళిపోయాడు. కోడలు రాత్రికి ఏం చేయమంటారని అడిగింది. ఉప్మా అన్నది. సరే అత్తయ్యా అని ఆమె కూడా లోపలికి పోయింది. అందరూ మంచివాళ్ళే, ఆమె మనసు కష్టపెట్టకూడదని చూస్తున్నారు. 

"గోడ తీస్తేనే మంచిది తంబి. నాకు తెలుసును. సుమ్మా ఊరికే వద్దని చెప్పి చూసినాను" అన్నది. "ఈ నెలంతా నేను ఏమి చెప్పినా ఎవురూ కాదనలేదు. ఒక్క మాట గూడా కాదనలేదు."

ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.  ఏదో ఒకటి చేయాలనిపించింది. "అట్లేమి లేదు అక్కా, నువ్వు చెప్పేది తప్పు" అన్నాను, బావ మాదిరి, చేతనైనంత గట్టిగా.

అక్క తల తిప్పి నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"నీకు చేతకాదు లేరా" అన్నది.